ఒక చెయ్యి తక్కువుంది

మొన్న మనవడి ఫోన్ టింగుమంది. అద్దాలు పెట్టుకుని చూద్దును కదా, పేకాట పిలుపు: "ఒక చోటు ఖాళీగా ఉంది, రండి!" "ఊరికే టైంపాస్ నానమ్మా, అందరూ ఆడేదే" అన్నాడు వాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ పిలుపు నేను చిన్నప్పుడే విన్నాను మరి.

రజాకార్ల గోల సద్దుమణిగిన ఏడు మిర్యాలగూడలో మా అక్క పెళ్లి. భయంతో ఆగిన పెళ్లిళ్ళన్నీ అప్పుడే ముంచుకొచ్చాయి. మగపెళ్ళివారి విడిదిలో చాపలు, తమలపాకులు, చుట్టలతోపాటు కొత్త పత్తాల కట్ట పెట్టకపోతే మర్యాద తెలియని ఇల్లని పేరొచ్చేది. కొత్తది ఏది కనిపించినా బొట్టు పెట్టే మా నానమ్మ ఆ పేకకట్టకూ పసుపు కుంకుమ పెట్టి మరీ పంపింది. కాసేపటికే కబురు: "ఒక చెయ్యి తక్కువుంది, జర ఎవర్నన్న తోలుండ్రి." నానమ్మ తన అల్లుణ్ణి, అంటే మా మేనత్త భర్త అనంతగిరి మామను లేపింది. "నాకు రాదత్తా" అని నసిగాడాయన. "కూసుంటే అదే వస్తది బిడ్డా. మగపెళ్ళోళ్ళు పిలుస్తుంటే రానంటరా?"

అనంతగిరి మామ ఎంత మంచివాడని! ఎడ్లకు కుడితి పెట్టనిదే తాను ముద్ద ముట్టడు. ఆ రోజు గెలిచి లేచాడు. అందరూ హస్తవాసి అన్నారు, నానమ్మ దిష్టి తీసింది. తర్వాత సూర్యాపేటలో, హుజూర్‌నగర్‌లో ఎవరింట పెళ్లైనా మామకు పిలుపే. పిలవని పెళ్లిళ్ళకూ పోసాగాడు. పెళ్లికొడుకు పేరు తెలియదు గానీ విడిది ఎక్కడో తెలిసేది.

నాట్ల వేళకు మేనత్త ఒక్కతే కాలినడకన వచ్చింది. "బండేదే?" అంది నానమ్మ.

"ఎడ్లు పోయినయమ్మా. సూర్యాపేట విడిదిల చాప మీదనే పోయినయ్."

"గంత బుద్ధిమంతుడు, గిట్లెట్ల చెడిండే?"

అత్త ఏడవలేదు. "పత్తాలకాడ చెయ్యి తక్కువైతే ఊరూరు పిలిచిండ్రు. ఇప్పుడు నా పొలంల చెయ్యి తక్కువైంది. ఒక్కలన్న వస్తరేమో అడుగమ్మా."

నానమ్మ కొంగు నడుముకు బిగించి, నన్నూ వెంటబెట్టుకుని అనంతగిరి పోయింది. ఆ వయసులో వంగి నాట్లేసింది. మామ గట్టు మీద కూర్చుని మమ్మల్ని చూస్తున్నాడు. ఆయన వేళ్ళు మాత్రం పత్తాలు కలుపుతున్నట్టు వాటంతటవే కదులుతున్నాయి. ఆ వేళ్ళను చూసి నేను ఏడ్చాను.

మనవడి ఫోన్ మళ్ళీ టింగుమంది. ఆ రోజుల్లో ఆ పిలుపు రావాలంటే ఎక్కడో ఒక పెళ్లైనా జరగాలి. కాలం ఆపాటి అడ్డు కూడా లేకుండా చేసింది.