ఖాజా చాచా ఎక్కిన బండ, పేల్చిన బండ

ఖాజా మియా గారు ఇక లేరన్న వార్త నాకు జీడిమెట్లలో, నేను పనిచేసే మందుల కంపెనీ ప్రయోగశాలలో ఉండగా ఫోనులో అందింది. చేసింది ఆయన కూతురు షబానా. "అక్కా, అబ్బా పోయిండు" అంది. అప్పుడు నా నోట వచ్చిన మాట నన్ను ఇప్పటికీ విస్మయపరుస్తోంది. "ఏ బండ మీద?" అని అడిగాను. "బండ మీద గాదక్కా. మంచంల. పగటి బువ్వ తిని పన్నడు, మల్ల లేవలే."

అరవై దాటిన దేహంతో నిలువు శిలల మీద నిర్భయంగా సంచరించిన మనిషి, నేలకు మూరెడు ఎత్తు కూడా లేని నులక మంచం మీద నిద్రలోనే నిష్క్రమించడం నా బుద్ధికి ఇంకా అందడం లేదు. నిజానికి ఆయన విషయంలో నాకు అంతుపట్టనివి చాలా ఉన్నాయి. గురువును గురించి రాసేవారు ఆయనను పూర్తిగా ఎరిగినవారై ఉండాలంటారు. నాకు ఆ అర్హత లేదు.

2010 నాటికి నేను అంతో ఇంతో శిలారోహణం నేర్చుకున్నాను. అయితే అదంతా బండ పైనుంచి ముందే తాడు వేలాడదీసి ఎక్కే పద్ధతి. జారినా తాడు పట్టుకుంటుంది. నాకు కావలసింది పాత పద్ధతి. అందులో పైన తాడు ఉండదు. ముందు ఎక్కేవాళ్లు బండ చీలికల్లో చిన్న లోహపు బిళ్లలు ఇరికించి, వాటికి తాడు తగిలించుకుంటూ పోవాలి. వెనక వచ్చేవాళ్లు వాటిని ఒక్కొక్కటే ఊడదీసుకుంటూ రావాలి. రాతికి మేకు కొట్టకూడదు, గీత పడకూడదు. ఇరికించిన బిళ్ల నిలుస్తుందో లేదో పుస్తకం చెప్పదు. పక్కన అనుభవజ్ఞులు ఉండి తీరాలి. అలాంటివారి కోసం ఏడాది పాటు వెతికాను. చివరికి కౌకూర్‌లో ఒక చాయ్ హోటల్ యజమాని, శామీర్‌పేట అవతల సైన్యంలో పనిచేసిన ఒక మాజీ హవల్దారు ఉన్నాడని ఆచూకీ చెప్పాడు.

నేను వెళ్లేసరికి ఆయన వాకిట్లో స్కూటర్ కడుగుతున్నారు.

"ఎవలు వంపిన్రు?"

"కౌకూర్ల చాయ్ హోటలాయన."

"ఆనికి చాయ్ జేసుడే సక్కగ రాదు. ఇంటికి వో బిడ్డా."

మరుసటి ఆదివారం, ఆయన మాటలో ఐతారం, మళ్లీ వెళ్లాను. ఆ పై వారం కూడా. ఆరోజు ఆయన నన్ను ఎగాదిగా చూసి, "గా తాడు భుజానేస్కో" అన్నారు. శిష్యురాలిగా స్వీకరించినట్టు ఆ తర్వాత కూడా ఎన్నడూ చెప్పలేదు. నేనే అలా భావించుకున్నాను.

రెండేళ్లు ఆయన నన్ను ముందు ఎక్కనివ్వలేదు. ఆయన బిళ్లలు పెడుతూ పోవడం, నేను వెనకాల తీస్తూ రావడం. విసుగొచ్చి అడిగితే, "తీసుడు రానోళ్లకు పెట్టుడు రాదు" అన్నారు. అప్పుడది కాలయాపన అనిపించింది. ఆయన పెట్టిన బిళ్ల ఒక్కటి ఊడదీయడానికి నేను పడిన అవస్థ, అది ఏ కోణంలో ఎందుకు కూర్చుందో నా వేళ్లకు నేర్పింది. భయంతో చేతులు బిగుసుకుంటే పైనుంచి ఒకటే మాట వినిపించేది: "చేతులతోని గుంజకు. కాళ్లను నమ్ము."

ఆయన జీవనోపాధి ఏమిటో నాకు చాలాకాలం తెలియదు. ఒకరోజు మేడ్చల్ వైపు బస్సులో వెళ్తుంటే ఒక క్వారీ దగ్గర ఎర్రజెండా పట్టుకుని ఒకాయన అడ్డం నిలబడ్డాడు. నోట్లో విజిల్. చూస్తే ఖాజా చాచా! కిటికీలోంచి చెయ్యి ఊపాను. ఆయన నన్ను చూశారు, చూడనట్టే తల తిప్పుకున్నారు. విజిల్ మోగింది. గుట్ట వెనక దడదడమంటూ పేలుడు. బస్సు అద్దాలు కంపించాయి. దుమ్ము తగ్గాక పచ్చజెండా ఊపి మమ్మల్ని పోనిచ్చారు. క్వారీలో బండలకు మందు పెట్టి పేల్చే పనికి ఆయనే పెద్ద అని బస్సులోని వాళ్లు చెప్పుకున్నారు.

ఐతారం నాడు ఉండబట్టలేక అడిగాను: "చాచా, వారమంత బండలు పేలుస్తవ్. ఇయ్యాల బండకు మేకు గొడితె పాపమంటవ్. ఇదేం లెక్క?"

ఆయన తాడు చుడుతున్న చేతులు ఆగాయి. "రెండు గూడ ఫౌజులనే నేర్సుకున్న. అది నౌకరి. ఇది..." అని మళ్లీ తాడు చుట్టడం మొదలుపెట్టారు. "ఇదేందో నాకు గూడ తెల్వది బిడ్డా."

మేం ఎక్కువగా సాధన చేసిన బండకు నిలువునా ఒకే చీలిక ఉండేది. 2013లో ఒకనాడు ఆయన పొద్దున్నే ఫోన్ చేసి, "ఈ ఐతారం నువ్వు ముందటెక్కు" అన్నారు. ఆనందంతో కారణం అడగలేదు. ఆ ఐతారం సగం ఎత్తులో ఆగిపోయాను. కిందికి చూశాను. ఆయన తాడు పట్టుకుని నిశ్చలంగా నిలబడ్డారు. చీలికలో పిడికిలి బిగించి, పాదం దూర్చి, బిళ్ల పెట్టి, పైకి చేరాను. నా వెనక ఆయన ఎక్కుతూ నేను పెట్టినవన్నీ తీసుకొచ్చారు. ఒక బిళ్ల మాత్రం విడిగా నా చేతిలో పెట్టి, "ఇది పట్టుకుంటనే ఊడొచ్చింది. నీ నసీబు మంచిగుంది" అన్నారు. ఆయన చేసిన ప్రశంస అంతే.

నీళ్లు తాగాక చెప్పారు. ఆ జాగ ప్లాట్ల కోసం అమ్ముడయిందని, బండను తీసేస్తారని.

"ఎవలు తీస్తున్రు?"

"నేనే."

అప్పుడు నా నోట వచ్చిన మాటలు శిష్యురాలికి తగినవి కావు. "ఎట్ల మనసొస్తాంది చాచా?" అని అరిచాను. కన్నీళ్లు కూడా వచ్చాయి. ఆయన సమర్థించుకోలేదు. "దిగుదాం పా, ఎండెక్కుతాంది" అన్నారు.

ఆ వానాకాలమంతా నేను వెళ్లలేదు. చలి మొదలయ్యాక ఫోనొచ్చింది. "తాడు ముడుసుకొని పడున్నది. వస్తవా?" వెళ్లాను. వేరే బండ దగ్గరికి తీసుకుపోయారు. ఆ విషయం ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎన్నడైనా చెబుతారని ఎదురుచూశాను. ఆ ఎదురుచూపు ఫోనులో షబానా గొంతు వినేదాకా సాగింది.

అంత్యక్రియల నాడు క్వారీలో ఆయన కింద పనిచేసిన మల్లేశ్ కనిపిస్తే పక్కకు పిలిచి అడిగాను. ఆ బండ పేల్చిన రోజు చాచా ఎలా ఉన్నాడని. ఏడ్చాడనో, చేతులు వణికాయనో, కనీసం మౌనంగా ఉన్నాడనో వినాలని ఆశపడ్డాను.

మల్లేశ్ గుర్తు తెచ్చుకున్నాడు. "ఎట్లుంటడమ్మా? ఎప్పటి లెక్కనే ఉండె. మందు వెట్టిండు, విజిల్ గొట్టిండు. అయినంక టిపిని తిన్నడు. నాకు ఇంత మామిడి తొక్కు గూడ వేసిండు."

ఈ సమాధానాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియడం లేదు. కఠినహృదయుడు అందామంటే, ఎవరో తాగుబోతులు బండ మీద రాసిన పేర్లను మోకాళ్ల మీద కూర్చుని తుడిచిన మనిషి ఆయన. కరుణామయుడు అందామంటే మల్లేశ్ మాట అడ్డొస్తోంది.

నలభయ్యో దినం ఫాతెహా ప్రార్థనకు వెళ్లినప్పుడు ఆయన భార్య, చాచీ, నన్ను లోపలికి పిలిచి, "నేను ఆయన ఎక్కంగ ఎన్నడు చూల్లేదు బిడ్డా. ఒక్కపారి జూపిస్తవా?" అంది. మర్నాడు ఆమెను, షబానాను ఆటోలో తీసుకెళ్లాను. తాడు పట్టడానికి నాతో పనిచేసే స్నేహితురాలిని వెంట పిలిచాను. చాచీ గొడుగు పట్టుకుని బండ కింద రాయి మీద కూర్చుంది. చాచా చివరి చలికాలంలో ఎక్కిన దారినే నేను ఎక్కాను. ఎక్కడ పాదం పెట్టేవారో, ఎక్కడ ఆగి ఊపిరి తీసుకునేవారో అరిచి చెబుతూ ఎక్కాను. సగంలో ఒక కాలు జారింది. చేతులతోనే నిలదొక్కుకున్నాను. కింద గొడుగు పడిపోయిన చప్పుడు.

దిగి వచ్చేసరికి చాచీ లేచి నిలబడి ఉంది. నా రెండు చేతులూ పట్టుకుని, రాపిడికి దోక్కుపోయిన వేళ్లను తిప్పి తిప్పి చూసింది.

"ఇంత బయముంటదని నాకెన్నడు జెప్పలే" అంది. "ఐతారం పోయొస్త అనేటోడు. అంతే."

ఆ మహనీయునికి నమస్కరించడానికి మాటలు కూర్చుకోబోతే నాకు దొరికింది ఇంతే. బండను ప్రేమించినవాడు, పేల్చినవాడు. నాకు భయాన్ని దాటడం నేర్పి, తన ఇంట భయం అన్న మాటే చొరనివ్వనివాడు. అలాంటి గురువు నాకు మళ్లీ దొరకడు. ప్రేమించిన బండను ఎలా పేల్చగలిగారన్న నా ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాడు ఆయన ఒక్కడే. ఆరోజు చాచీ ముందు నడుస్తుంటే, నేను తాడు భుజాన వేసుకుని ఆమె వెనకే రోడ్డుదాకా నడిచాను.