గుల్లలదిబ్బ దగ్గర మెల్లగా వెళ్లే బండి

బందరు నుంచి బెజవాడ వెళ్లే పొద్దుటి పాసింజరు గుల్లలదిబ్బ దాపులకు వచ్చేసరికి కొత్త పెళ్లికూతురిలా తలొంచుకుని, అడుగులో అడుగేసుకుంటూ పోయేది. అక్కడ స్టేషను లేదు. ప్లాట్‌ఫారం లేదు. గంట కొట్టేవాడూ లేడు. ఉన్నదల్లా ఉప్పుకాలవ మీద ఓ పాత తూమూ, దాని పక్కన రైలుకట్ట మీద చేపల తట్టలతో నిలబడ్డ ఆడవాళ్లూ. బండి ఆగేది కాదు గానీ ఆగినంత పని చేసేది. చివరి పెట్టె ఎదురుగా రాగానే వాళ్లలో పెద్దింట్లమ్మ ఒక్క కేక పెట్టేది. లోపలివాళ్లు తట్టలు అందుకునేవాళ్లు. ఈవిడ కుచ్చెళ్లు పైకి దోపుకుని, కడ్డీ పట్టుకుని, ఎవరింటి గడపో ఎక్కినంత తేలిగ్గా ఎక్కేసేది. టిక్కెట్టు సంగతి నన్నడక్కండి. గార్డుగారింట్లో ఆదివారం ఏం కూరో అడగండి, చెబుతాను.

పదకొండు గంటలకల్లా బెజవాడ వన్ టౌన్ చేపల బజారులో పెద్దింట్లమ్మ తట్ట ముందు జనం మూగేవాళ్లు. అక్కడ ఆవిడ నోటికి పేరుంది. చేప మొప్ప ఎత్తి చూసి మూతి విరిచిన ఇల్లాలితో, "మీ ఆయన్ని కూడా ఇట్టాగే ఎత్తి చూసి చేసుకున్నారా అమ్మగారూ?" అనేది. ఆ ఇల్లాలు కోపంతో నాలుగడుగులు వెళ్లి, మళ్లీ వచ్చి కొనేది. ఎందుకంటే పెద్దింట్లమ్మ చేప తెల్లారి పడవ దిగిన చేప. గుల్లలదిబ్బ దగ్గర బండి దొరకడం వల్లే అంత తాజాగా వచ్చేది. అసలు స్టేషనుకి నడిచి పోవాలంటే కోసున్నర దూరం. పడవలొచ్చి, చేపలేరి, తట్ట నెత్తిన పెట్టుకుని అక్కడికి చేరేసరికి పొద్దుటి బండి గుడివాడ దాటేసి ఉంటుంది. మధ్యాహ్నం బండికి వెళితే చేప మెత్తబడిపోతుంది. బస్సంటారా? చేపల తట్ట చూస్తే కండక్టరు పాముని చూసినట్టు ఎగిరి గంతేస్తాడు.

మరి బండి అక్కడ ఎందుకు మెల్లబడుతుంది? ఈ ప్రశ్నకి దిబ్బ మీద తలా ఒక సమాధానం చెప్పేవాళ్లు. గంగమ్మ తల్లి మహిమ అని ముసలి సన్యాసమ్మ. తనంటే డ్రైవర్లకి హడలని పెద్దింట్లమ్మ. ఏటా జాతర రోజున పళ్లెమంత చందువా చేపని అరిటాకులో చుట్టి, పాకుతున్న ఇంజను పక్కన నడుస్తూ డ్రైవరుకి అందించేవాళ్లు, మర్యాదకి మర్యాదన్నమాట. ఆ డ్రైవరు ఎంత ధర్మాత్ముడో చూడండి. "ఇది మీ మీద గౌరవం కాదమ్మా, తూము కూలుతుందేమోనని భయం" అని ఒక్కసారైనా అనలేదు. చెబితే చేప ఆగిపోతుందని కాబోలు. అసలు సంగతి అదే మరి. తెల్లదొరల నాటి ఆ తూము పగుళ్లిచ్చింది. ఇక్కడ నడక వేగంతో పోవాలని రైల్వేవాళ్లు ఓ పసుప్పచ్చ బోర్డు పాతారు. దాని మీద ఏం రాసుందో దిబ్బ మీద ఎవరికీ తెలీదు. పెద్దింట్లమ్మ దానికి తువ్వాలు ఆరేసేది.

డెబ్బై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చింది. దాని మీద వెటకారమాడటానికి నాకు నోరు రాదు. పెద్దింట్లమ్మ చెల్లెలు గంగారత్నం, చంకలో పిల్లతో సహా, ఆ నీళ్లలో పోయింది. పెద్దింట్లమ్మ మొగుడు సూరయ్య తాటిచెట్టుని కావిలించుకుని బతికాడు, వాడి పడవ బతకలేదు. వారం పాటు పెద్దింట్లమ్మ నోరు విప్పలేదు. ఆ నోరు మూతపడితే దిబ్బంతా బావురుమంది.

నోరు మళ్లీ తెరుచుకున్నది రైలు లైను చూసినప్పుడు. కట్ట కొట్టుకుపోయింది. తూము ఉన్నచోట రెండు మొండిగోడల మధ్య మడుగుంది. పట్టాలు స్లీపర్లతో సహా గాలిలో తెగిన నిచ్చెనలా వేళ్లాడుతున్నాయి. సూరయ్య ఎవరి పడవలోనో కూలికెళ్లి నాలుగు చేపలు తెస్తున్నాడు, అవి బెజవాడ చేరే దారి లేదు. పోనీ ఊళ్లోనే అమ్ముదామంటే, అందరూ చేపలమ్మేవాళ్లే అయిన ఊళ్లో కొనేదెవరు? బండి రావాలి. బండి వస్తేనే ఆ ఇంట్లో పొయ్యి. అందుకని పెద్దింట్లమ్మ పొద్దున్నే ఎండుచేపల చాప ఒకటి మడుగు గట్టున పరిచి, దాని పక్కన తను పరుచుకుని కూర్చుంది, ఇంజనీర్లెప్పుడొస్తారా అని.

వచ్చారు. ట్రాలీ మీద వచ్చారు. తోసేవాళ్లు నలుగురు, గొడుగు పట్టేవాడొకడు, కూర్చునేవాడొకడు. ఆ కూర్చున్నాయన దిగి మడుగుని చూశాడు. తల ఊపాడు. మూడుకాళ్ల గొట్టంలోంచి మళ్లీ చూశాడు. మళ్లీ తల ఊపి, గొడుగు కింద వెళ్లిపోయాడు. మర్నాడు ఇంకొకాయన వచ్చి, మొదటాయన చూసింది సరిగ్గా చూశాడో లేదో చూశాడు. ఆ పై వారం జీపులో వచ్చిన పెద్దాయన వీళ్లిద్దరూ చూశారా అని అడిగి, కొబ్బరినీళ్లు తాగి వెళ్లాడు.

"ఇది నిన్నటి గుంటేనయ్యా, అనుమానం లేదు," అంది పెద్దింట్లమ్మ గట్టు మీంచి. "కావాలంటే చేతిలో చెయ్యేసి చెబుతాను. ఇక పూడ్చండి బాబూ!"

చివరికి పని చేయించడానికి వెంకటకృష్ణారావనే కుర్ర ఇంజనీరుని పంపారు. కంకిపాడు వైపు రైతుబిడ్డ. మొదటి ఉద్యోగం, కొత్త బూట్లు. మొదటిరోజే ఒక బూటు బురద మింగేసింది. గ్యాంగు మేస్త్రీ పేరయ్యా, కూలీలూ దానికోసం వెతుకుతుంటే పెద్దింట్లమ్మ పగలబడి నవ్వింది, ఉప్పెన తరవాత మొదటిసారి. ఆ నవ్వు చూసి ఆయనా నవ్వాడు. దాంతో ఈ కుర్రాడు మనవాడే అని ఆవిడ తీర్మానించేసింది.

అది మొదలు రోజూ మట్టగిడసల పులుసు. రొయ్యలు దొరికితే రొయ్యల ఇగురు. ఇంట్లో సూరయ్యకి గంజి, ఇక్కడ ఇంజనీరుగారికి పులుసు. ఆయనా మొహమాటస్తుడేం కాదు. శనివారం మాత్రం వెంకన్నకి మొక్కు అని నీసు ముట్టేవాడు కాదు. ఆ లోటు ఆదివారం తీర్చేసేవాడు.

పులుసు పెట్టిన నోరు ఊరుకుంటుందా? "ఏం బాబుగారూ, ఇయ్యాల ఎన్ని బస్తాలేశారు? నేను చూస్తానే ఉన్నాను, ఆ మూలవాడు పొద్దుట్నించీ ఒకటే చుట్ట కాలుస్తున్నాడు." రాయి పడితే రాయిని తిట్టేది, మట్టి పడితే మట్టిని పిసికి చూసేది. పేరయ్య తల పట్టుకునేవాడు. "అయ్యా, మీకు పైన ఒక ఆఫీసరున్నాడనుకున్నాను, గట్టు మీద ఇంకో ఆఫీసరుందండీ," అనేవాడు.

ఒకరోజు వెంకటకృష్ణారావు పులుసన్నం తింటూ నోరు జారాడు. కొత్త తూము కట్టే ఉద్దేశం పైవాళ్లకి లేదట. మిగిలిన పాత గోడలకే దూలాలు ఆనించి, అతుకులేసి, పాత బోర్డే మళ్లీ పాతేసి బండి నడిపించెయ్యమన్నారట.

నా తల్లీ, అక్కడ ఊరుకుని ఉంటే ఎంత బావుండేది! ఆ అతుకుల తూమే నీకు అన్నం పెట్టేది.

ఊరుకోలేదు. లేచి నిలబడింది. "అతుకులా? నా చెల్లెలు పోయిన చోట అతుకులేస్తారా? రేపు అది కూలి బండి పడితే అందులో ఉండేది నేనే కదా! గట్టిగా కట్టండి. ఇంకో ఉప్పెనొచ్చినా చెక్కుచెదరకుండా కట్టండి. కట్టకపోతే రేపట్నించి పులుసు లేదు, నా మొహం చూడకండి." ఆవిడ ఏడుస్తోంది కూడా. కుర్రాడి చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

కుర్రతనం కదా, పౌరుషం వచ్చింది. ఆయన బెజవాడ వెళ్లి పైవాళ్లతో తగువేసుకున్నాడు. ఎవరి కాళ్లు పట్టుకున్నాడో, ఎవరికి కోపం తెప్పించాడో గానీ సిమెంటు తెచ్చాడు, రాయి తెచ్చాడు, కొత్త తూము తెచ్చాడు. కట్టని ఎత్తు చేసి వాలుకి రాళ్లు పరిపించాడు. అబద్ధం ఆడకూడదు, పని బ్రహ్మాండంగా చేశాడు. కోరి కొరివితో తల గోక్కోవడం అంటారే, పెద్దింట్లమ్మ కొరివిని పులుసు పోసి మరీ మండించింది.

బండి మళ్లీ వచ్చిన రోజున దిబ్బంతా మావిడాకులు కట్టారు. కొత్త కట్ట కుదురుకునేదాకా మెల్లగా పోవాలట, అందుకని కొత్త బోర్డొకటి పెట్టారు. బండి పాతరోజుల్లోలాగే తలొంచుకుని వచ్చింది. పెద్దింట్లమ్మ తట్ట అందించి ఎక్కి, తలుపులో నిలబడి కళ్లనీళ్లు పెట్టుకుంది. "చూశావా సన్యాసమ్మత్తా, మనల్ని మరిచిపోలేదు!" అంది.

మరిచిపోలేదు, నెమ్మదిగా మరిచిపోతోంది. కొన్నాళ్లకి బోర్డు మీద అంకె మారింది. అంకె చదవడం ఆవిడకి రాదు, కాళ్లకి తెలిసింది. నడిచి ఎక్కే బండిని కాస్త పరిగెత్తి ఎక్కాల్సొచ్చింది. కొత్త డ్రైవరెవడో పొగరుబోతు అనుకుంది. ఇంకొన్నాళ్లకి మళ్లీ మారింది. ఆ రోజు సన్యాసమ్మ తట్టని లోపలివాళ్లు అందుకున్నారు, సన్యాసమ్మని అందుకోలేకపోయారు. తట్ట బెజవాడ వెళ్లింది, సన్యాసమ్మ మోకాళ్లు చెక్కుకుపోయి ఇంటికెళ్లింది. మళ్లీ కట్టెక్కలేదు.

జాతర కాకపోయినా పెద్దింట్లమ్మ చందువా చేపని అరిటాకులో చుట్టుకుని ఇంజనుకి ఎదురు నిలబడింది. డ్రైవరు పక్కకి తప్పుకోమని కూత పెట్టాడు. ఇంజను ఆవిరి మొహాన కొట్టింది. చేప చేతిలోనే ఉండిపోయింది.

ఆ చేపతోనే ఇంజనీరు దగ్గరికి వెళ్లింది. "ఏంటి బాబుగారూ ఈ అన్యాయం? మీ డ్రైవర్లకి చెప్పండి, ఇది గుల్లలదిబ్బని."

వెంకటకృష్ణారావు సంబరంగా చెప్పాడు. పాత తూముకి బలం లేక భయపడి మెల్లగా పోయేవాళ్లమ్మా, ఇప్పుడు ఆ భయం లేదు, కట్ట కుదురుకున్నకొద్దీ వేగం పెంచుతున్నాం, వచ్చే శుక్రవారం బోర్డే తీసేస్తాం, బండి గాల్లో పోయినట్టు పోతుంది. చెబుతూ చెబుతూ ఆవిడ మొహం చూశాడు. అప్పుడు తెలిసొచ్చింది కుర్రాడికి. అన్నాళ్లు ఆవిడ చేతి కూడు తిన్నాడు గానీ, ఆవిడ అక్కడ బండి ఎలా ఎక్కగలుగుతోందో ఒక్కరోజూ ఆలోచించలేదు. తూము కట్టేవాడికి తూము గొడవే తప్ప మనుషుల గొడవ ఎందుకు?

"అయితే..." అంది పెద్దింట్లమ్మ. ఆ రాళ్ల వాలు వంక చూసింది. "అయితే కాస్త పాడుచెయ్యండి బాబూ. ఓ మూల పగలగొట్టండి. మీకు పుణ్యముంటుంది."

"అది నేరమమ్మా," అన్నాడాయన మెల్లగా. "హాల్టు కావాలని అర్జీ పెట్టుకోండి. నేను రాసిపెడతాను."

"అర్జీ ఎన్నాళ్లకి తేలుతుంది?"

ఆయన జేబులోంచి కాగితం, కలం తీశాడు. గుంటని చూడటానికే ముగ్గురు రావాల్సొచ్చిన చోట, అర్జీని చూడటానికి ఎందరు రావాలో ఆవిడ ఊహించుకుంది.

శుక్రవారం పొద్దున్నే బోర్డు పీకేశారు. పూలదండొకటి తెచ్చి కొత్త తూముకి వేశారు. ఇన్నాళ్లూ కనిపెట్టుకుని ఉంది గనక కొబ్బరికాయ పెద్దింట్లమ్మే కొట్టాలని పేరయ్య పట్టుబట్టాడు. పాపం, వాడికి అసలు సంగతి తెలీదు. ఇంజనీరు వద్దనబోయాడు. ఈలోపే ఆవిడ కాయ అందుకుంది. జీవితంలో ఆవిడకి దక్కిన మొదటి సన్మానం అది. ఒక్క దెబ్బకి రెండు చెక్కలయింది.

తరవాత తట్ట పక్కన పెట్టుకుని, కుచ్చెళ్లు దోపుకుని, మామూలుగా నిలబడే చోటే నిలబడింది. ఎంత చెప్పినా మనిషికి ఆశ చావదు. బండి వచ్చింది. వచ్చిందనేలోపు పోయింది. చివరి పెట్టె తలుపులో ఎవరో చెయ్యి చాపారు, ఆ చెయ్యి ఆవిడ ముందు నుంచి రివ్వున దూసుకుపోయింది. తట్ట మీది గోనెగుడ్డ ఎగిరి కాలవలో పడింది. కింద తూము ఈషణ్మాత్రం కదల్లేదు. కూలీలు చప్పట్లు కొట్టారు.

పెద్దింట్లమ్మ తట్ట దగ్గర వంగింది. నెత్తికెత్తడానికి ఇంకో చెయ్యి కావాలి. సన్యాసమ్మ లేదు. వెంకటకృష్ణారావు వచ్చి రెండో పక్క పట్టాడు. ఎత్తుతూ తూలాడు. అంత బరువుంటుందని ఆయన అనుకోలేదు. ఆవిడ చుట్టకుదురు సర్దుకుని, మధ్యాహ్నం బండి అందుకోవడానికి కట్ట మీదే స్టేషను వైపు నడక మొదలుపెట్టింది.

"కట్ట దిగు పెద్దింట్లమ్మా!" అని అరిచాడు పేరయ్య. "లైను మీద నడవకూడదు! ఏదన్నా అయితే మా పీక మీదికొస్తుంది!"

ఆవిడ ఆగింది. నెత్తి మీద బరువుతో వెనక్కి తిరగడం కష్టం, అయినా తిరిగింది.

"ఏమీ కాదులే పేరయ్యా," అంది. "చాలా గట్టిగా కట్టారు. నేనే దగ్గరుండి కట్టించాను."

అని పట్టాల మధ్యన స్లీపరు మీంచి స్లీపరు మీదికి అడుగులేసుకుంటూ వెళ్లిపోయింది.