బావగారి సైకిల్లో కిర్రు

బావగారి సైకిల్లో శబ్దం వస్తుంది. అది బావగారికి తప్ప ఈ భూమ్మీద ఇంకే ప్రాణికీ వినపడదు. ఆయన గురించి తెలుసుకోవలసిన మొదటి సంగతి ఇది. మిగతావి, అంటే ఆయన చదువు, ఉద్యోగం, మంచితనం లాంటి చిల్లర విషయాలు, తీరిగ్గా తెలుసుకున్నా నష్టం లేదు.

అలాగని ఆయనవి పాముచెవులు అనుకుంటే పొరపాటే. ఇంట్లో ఫోను మోగితే ఆయనకు వినపడదు. వీధి తలుపు బాదితే వినపడదు. భార్య వంటింట్లోంచి మొదట మామూలుగా, తరవాత గట్టిగా, ఆ తరవాత పక్కింటివాళ్ళు "ఏమండీ?" అని పలికేంత గట్టిగా పిలిచినా వినపడదు.

"నేను గొంతు చించుకుంటే వినపడదు గానీ, ఇరుసులో మిరియమంత బాలు మూలిగితే వినపడుతుందిరా ఈయనకి," అని ఆవిడ తమ్ముడి దగ్గర వాపోయేది. "పోనీ నేనూ రెండు చక్రాలు తగిలించుకుని తిరగనా?"

ఆ తమ్ముడే, అంటే బావగారి బావమరిదే, ఆ శబ్దం వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయానని నమ్మినవాడు. బీమా ఆఫీసులో కుర్చీకి అతుక్కుపోయే ఉద్యోగం అతనిది. కుర్చీ ఎలాగో ఓర్చుకుంది గానీ బెల్టు చేతులెత్తేసింది. డాక్టరు ఒళ్ళు తగ్గించమన్నాడు. అది ఎలాగో డాక్టరు చెప్పేలోపే బావగారు కేసు తన చేతుల్లోకి తీసుకున్నారు. పాత ఇనప సామాన్ల కొట్లో తుప్పు పట్టి పడున్న సైకిలొకటి తెచ్చి, గీకి, రంగు వేసి, కొత్త గేర్లు బిగించి, బావమరిదిని దానిమీద ఎక్కించి, తమ ఆదివారం గుంపులో కలిపేశారు.

అది పాత సైకిళ్ళ గుంపు. అందులో చేరాలంటే సైకిలు వయసు యజమాని వయసుకు తగ్గకూడదు. దానికి ఎన్ని కొత్త అవయవాలు అతికించుకున్నా ఎవరూ అడగరు. పళ్ళ డాక్టరు సైకిల్లో అసలు పాతది బెల్లొక్కటే, అయినా ఆయన దాన్ని "మా తాతగారి సైకిలు" అనే పరిచయం చేస్తాడు. రంగుల దుకాణం యజమాని ఎప్పుడూ అందరికంటే ముందు తొక్కుతాడు కాబట్టి ఆయన పేరు కెప్టెన్. సైకిలు పాతదే గానీ, ఒంటికి అంటుకుపోయే బట్టలూ, చేతికి గుండె కొట్టుకోవడం లెక్కపెట్టే గడియారమూ మాత్రం సరికొత్తవి. గుండె ఎలా కొట్టుకుంటోందో ఆయన అడగనివాళ్ళకు కూడా చెబుతాడు.

బావగారి సైకిలు నల్లటిది, పొడుగాటిది, హెడ్‌మాస్టరు నిలబడ్డట్టు నిలబడుతుంది. దాని చక్రం తిరుగుతుంటే దోమ రెక్కంత చప్పుడు కూడా ఉండదు. వారమంతా ఆయన దాన్ని విప్పుతారు, కడుగుతారు, గ్రీజు పెడతారు, బిగిస్తారు. ఆదివారం పొద్దున్నే రోడ్డెక్కుతారు. ఊరు దాటి రోడ్డు కాస్త ఎత్తుకాగానే చెయ్యి పైకి లేస్తుంది.

"ఆగండి! వస్తోంది."

"ఏం వస్తోంది?" అని కెప్టెన్ పళ్ళు నూరుతూ అడుగుతాడు, ఏం వస్తోందో తెలిసి కూడా.

"కిర్రు."

పళ్ళ డాక్టరు వంగి చెవి పెట్టి వింటాడు. "నాకేం వినపడ్డంలేదే!"

"మీరు నోళ్ళు చూసే డాక్టరు. చెవులు వేరే డిపార్టుమెంటు," అని బావగారు సైకిల్ని తలకిందులు చేసేస్తారు. సంచి విప్పి, పానాలన్నీ పెళ్ళివారి వెండి సామానులా గుడ్డమీద పరుస్తారు. తరవాత బావమరిది వైపు తిరుగుతారు.

"ఏమోయ్, ఈ నట్టు పట్టుకుని ఆ గోడ నీడలో కూర్చో. లేవకు, దొర్లిపోతుంది."

"నేనెందుకు బావా? క్యారియరు మీద పెట్టొచ్చుగా?"

"క్యారియరు తలకిందులుగా ఉంది, కనపడ్డంలేదూ? కూర్చో. ఆ బుసలేమిటి? నాకు కిర్రు ఎలా వినపడుతుంది? మెల్లగా పీల్చు. మెల్లగా వదులు. ఆఁ, అలాగ. ఆ నీళ్ళ సీసా కూడా ఖాళీ చేసెయ్. దార్లో అది గలగలలాడి నా చెవికి అడ్డొస్తోంది."

బావమరిది లోపల ఉడికిపోతూ, పైకి బుద్ధిగా పీల్చి, వదిలి, సీసా ఖాళీ చేసేవాడు. చక్రాన్ని పదేపదే తిప్పి చూస్తున్న బావగారు ఉన్నట్టుండి "పోయింది," అనేవారు. నట్టు సంచిలోకి, సంచి సైకిలుకి, అందరూ మళ్ళీ రోడ్డుమీదకి. తరవాతి మిట్ట దగ్గర మళ్ళీ "ఆగండి!"

బావమరిది మాత్రం ఆఫీసులో వేరే పాట పాడేవాడు. "మా బావ లేకపోతే నన్ను పట్టగలిగేవాడు లేడు. వేడెక్కి ఊపందుకునేసరికి ఆపేస్తాడు మహానుభావుడు." ఊరి బయట నీళ్ళ ట్యాంకు గుట్ట ఉంది. గుంపు ఏటా ఒకసారి దాన్ని ఎక్కుతుంది. ఈసారి మధ్యలో కాలు కింద పెట్టకుండా ఎక్కి, ట్యాంకు ముందు నిలబడి ఫొటో తీయించుకుని వస్తానని అతను ఆఫీసంతా చాటింపు వేశాడు. ఆఫీసు మర్యాదగా నవ్వింది. ఆ మర్యాదే అతనికి ముల్లులా గుచ్చుకుంది. ఎలాగైనా ఎక్కి తీరాలి. అడ్డమల్లా బావగారి చెవి ఒక్కటే.

"గుట్ట మధ్యలో ఆపితే అందరి కాళ్ళూ పట్టేస్తాయి. ఈసారికి బావగారు రాకపోతే మంచిది," అన్నాడు కెప్టెన్. గుంపులో అందరికీ ఆయన బావగారే. "ఎవరు చెబుతారు ఆయనకి?"

"నేను చెబుతా," అన్నాడు బావమరిది, తనకంటే ముందు ఇంకెవరైనా ఒప్పుకుంటారేమోనన్నంత తొందరగా. అదే సాయంత్రం వెళ్ళి చెప్పేశాడు కూడా.

బావగారు చేతులకున్న గ్రీజు తుడుచుకున్నారు. "అయితే నువ్వు ఆగకుండా ఎక్కేస్తావన్నమాట."

"ఎందుకెక్కను? మీ కిర్రు లేకపోతే ఎప్పుడో ఎక్కేవాణ్ణి."

"మంచిది," అన్నారు బావగారు. కోపగించుకోలేదు. ఆయనకు కోపం రావాలంటే ఎవరైనా బేరింగుల్లో కొబ్బరినూనె పొయ్యాలి.

అదృష్టం బావమరిదినే కాదు, గుంపు మొత్తాన్నీ వరించింది. గుట్ట ఎక్కే రోజుకి బావగారికి గట్టి జ్వరం పట్టుకుంది. ఇక ఆయన నొచ్చుకుంటారన్న బాధ కూడా లేదు. పొద్దున్నే బావమరిది, బావగారు సరిచేస్తానని ఉంచేసుకున్న తన సైకిలు కోసం అక్కగారింటికి వెళ్ళాడు. సైకిలు భోజనాల బల్లమీద ఉంది. అంటే, దాని భాగాలు ఉన్నాయి.

"నీకు గుట్ట తేలికవ్వాలని ముందు పళ్ళచక్రం చిన్నది వేస్తానని విప్పార్రా. ఇంతలో ఈ జ్వరం," అంది అక్క. "రెండ్రోజులుగా ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని తింటున్నాను నేను."

లోపల్నుంచి దుప్పటి మాట్లాడింది. "నాది తీసుకెళ్ళవోయ్."

"మీదాంట్లో కిర్రు వస్తుందిగా బావా!"

"వస్తే ఆగు," అంది దుప్పటి. "సిగ్గుపడకు."

సమంగా ఉన్న రోడ్డుమీద ఆ నల్ల సైకిలు వెన్నలా సాగింది. బావమరిది చెవులు రిక్కించి విన్నాడు. కిర్రు లేదు, టిక్కు లేదు, టైర్ల కింద ఇసక తప్ప ఏమీ లేదు. కిర్రుకి కూడా జ్వరం వచ్చి దుప్పటి కప్పుకుందనుకుని, హుషారుగా కెప్టెన్‌ని దాటి వెనక్కి తిరిగి చూసి నవ్వాడు.

తరవాత గుట్ట మొదలైంది.

మొదటి మలుపులో నవ్వు పోయింది. రెండో మలుపులో రంగు పోయింది. ఛాతీలో ఎవరో పానా పెట్టి బిగిస్తున్నట్టుంది, మోకాళ్ళు వేరేవాళ్ళవి అయిపోయాయి. ఇన్నాళ్ళూ ఏ శబ్దాన్ని తిట్టిపోశాడో, ఇప్పుడు దానికోసం మనసులో దణ్ణాలు పెట్టుకుంటూ తొక్కాడు. ఒక్క కిర్రు వస్తే చాలు, మర్యాదగా దిగొచ్చు. మాయదారి సైకిలు నోరు విప్పలేదు.

"ఆగండి!" అన్నాడు చివరికి, సగం గొంతుతో. "వస్తోంది!"

"సైకిలుతోపాటు చెవి కూడా అరువిచ్చారా?" అని కెప్టెన్ ఆగకుండానే మలుపు తిరిగిపోయాడు. ఆయన వెనకే పళ్ళ డాక్టరు బెల్లు కొట్టుకుంటూ పోయాడు.

బావమరిది రోడ్డు పక్క గోడకి జారగిలబడ్డాడు. సైకిల్ని తలకిందులు చేసే ఓపిక లేదు. అలవాటుకొద్దీ సంచి విప్పితే ముందు ఆ నట్టే చేతికొచ్చింది. ఇన్ని ఆదివారాలు అరచేతిలో పెట్టుకుని తిట్టుకుంటూ కూర్చున్నాడే గానీ, దానివైపు ఒక్కసారీ సరిగ్గా చూడలేదు. రేగుపండంత ఉంది. సైకిలు పొడుగునా ఆనించి చూశాడు. పెడల్ దగ్గర కాదు, సీటు కింద కాదు, ఇరుసుకీ కాదు. అది ఏ సైకిలుదీ కాదు. ఏ నీళ్ళ మోటారుదో, ఏ పాత మంచానిదో అయ్యుంటుంది.

నట్టు చేతిలో ఉండగానే అతనికి అన్నీ గుర్తొచ్చాయి. గోడ నీడ. మెల్లగా పీల్చు, మెల్లగా వదులు. సీసా ఖాళీ చెయ్యి. కిర్రు ఎప్పుడూ మిట్ట దగ్గరే, ఎప్పుడూ తన బుసలు మొదలయ్యాకే. సైకిళ్ళవాళ్ళందరిలో పిచ్చివాడన్న పేరు ఆయన మోశారు, బావమరిది పరువు మాత్రం పోనివ్వలేదు. బావమరిదికి సిగ్గేసింది, ఆ వెంటనే బావమీద అంతులేని ప్రేమ ముంచుకొచ్చింది. రెండూ కలిసి ఫక్కున నవ్వు వచ్చింది. ఊపిరి లేనప్పుడు నవ్వితే దగ్గొస్తుందని కూడా తెలిసింది.

మెల్లగా పీల్చాడు, వదిలాడు, సీసా ఖాళీ చేసి మళ్ళీ ఎక్కాడు. తరవాతి మలుపులో ఇంకోసారి "కిర్రు" వచ్చింది, ఆ పైన మరోసారి. మిగతావాళ్ళు గుట్ట దిగిపోతుండగా అతను ట్యాంకు చేరి, సైకిల్ని ముందు నిలబెట్టి, ఫొటో దానికే తీశాడు.

సైకిలు తిరిగి ఇవ్వడానికి వెళ్ళేసరికి బావగారు దుప్పట్లోంచి తల బయటపెట్టారు. "వచ్చిందా?"

"వచ్చింది బావా. గుట్టంతా అదే గోల."

"చూశావా! చెబితే ఎవరూ నమ్మరు," అని బావగారు తృప్తిగా అటు తిరిగి పడుకున్నారు.

జ్వరం తగ్గి ఆయన మళ్ళీ రోడ్డెక్కేనాటికి మనిషి సగమయ్యారు. చొక్కా ఇంకెవరిదోలా వేలాడుతోంది. "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను," అంటూనే మొదటి మిట్ట దగ్గర పెడళ్ళమీద వంగిపోయారు. ముందు కెప్టెన్ తన గుండె సంగతులు చెప్పుకుపోతున్నాడు. బావగారి చెయ్యి మాత్రం లేవలేదు. తనకోసం ఆపడం ఆయనకు చేతకాదు.

"ఆగండి!" అని కేక వినపడింది. "వస్తోంది!"

అందరూ వెనక్కి తిరిగారు. బావమరిది చెయ్యి గాల్లో ఉంది.

"వీళ్ళ వంశానికే అంటుకుందిరా నాయనా!" అన్నాడు కెప్టెన్, కాలు కింద పెట్టేస్తూ.

బావమరిది అప్పటికే తన సైకిల్ని తలకిందులు చేసి, బావగారి సంచి విప్పి, పానాలు పరిచేశాడు. ఆ పెద్ద నట్టు తీసి బావగారి చేతిలో పెట్టాడు.

"ఇది పట్టుకుని ఆ నీడలో కూర్చోండి బావా. లేవకండి, దొర్లిపోతుంది."

బావగారు నట్టుని చూశారు. బావమరిదిని చూశారు. వెళ్ళి నీడలో కూర్చుని, చెవి ఇటు వంచి విన్నారు.

"నాకేం వినపడ్డంలేదోయ్!"

"ముందు మీరా సీసా ఖాళీ చెయ్యండి," అన్నాడు బావమరిది, ఎక్కడా వదులు లేని బోల్టుని మహా శ్రద్ధగా బిగిస్తూ.