వరుసల మధ్య చోటు

మొన్న మా అమ్మాయి నా ఫోనులో ఒక ఈ-పుస్తకం వేసి ఇచ్చింది. తెరిచి చూస్తే అక్షరాలు ఒకదానిలోకి ఒకటి దూరినట్టు కనిపించాయి. కళ్లు పోతున్నాయేమోనన్న భయంతో ముందు అద్దాలు తుడిచాను, తరువాత కిటికీ దగ్గరికి వెళ్లాను, చివరికి వరుసలు ఎడం చేసుకోవచ్చునని అమ్మాయి చూపించాక గానీ ప్రాణం కుదుటపడలేదు. ఆ వెంటనే ఆత్మకూరు పెదనాయన గుర్తొచ్చి మళ్లీ మనసు చెదిరింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను కర్నూలులో ఒక డీటీపీ సెంటరులో పుస్తకాలు టైపు చేసేదాన్ని. ఆత్మకూరులో కిరాణా అంగడి నడిపిన పెదనాయన, తాను నల్లమలలో తిరిగిన రోజుల గురించి నాలుగు నోటుపుస్తకాల నిండా రాసుకున్నాడు. చూపు మెల్లమెల్లగా తగ్గిపోతుందని డాక్టరు చెప్పినప్పటి నుంచి, ఉన్న చూపుతోనే తన పుస్తకాన్ని ఒక్కసారి చదువుకోవాలని ఆయన ఆరాటం. అచ్చు వేయించేదాకా ఆగలేక, ఇంట్లో కంప్యూటరు ఉంది కదా, దాంట్లో చదివేటట్టు సీడీ చేసివ్వమన్నాడు.

నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. కాగితం మిగల్చడానికి వరుసలు దగ్గరికి నొక్కడం చేతికి అలవాటైపోయి, కాగితమే లేని పుస్తకానికి కూడా అదే చేశాను. పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుకున్నాయి. టైపు చేసి చేసి ఆ మాటలు నాకు కంఠతా వచ్చేశాయి గనుక ఆ ఇరుకు నా కంటికి ఆనలేదు.

పెదనాయన తెరకు ముఖం దగ్గరగా పెట్టి చూసి, అర పుట కూడా దాటకుండానే అద్దాలు తీసేశాడు. "నా రాతే నాకు తెలీడంల్యా తల్లీ. కండ్లు పూర్తిగా పోయినట్టుండాయి" అన్నాడు. ఆయన భుజం మీదుగా చూశాక తప్పు నాదేనని అర్థమైంది, కానీ పెద్దమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంటే సీడీ తీసి సంచిలో వేసుకుని లేచాను. బస్సెక్కి వచ్చేశాను.

ఆ వారమంతా అన్నం సయించలేదు. పుటపుటకూ వరుసలు ఎడం చేసి, అక్షరం పెంచి, మళ్లీ ఆత్మకూరు పోయేసరికి ఆయన నోటుపుస్తకాలు మూటగట్టి అటక ఎక్కించేశాడు. బతిమాలి కూర్చోబెడితే మొదటి వరుస పైకి చదివాడు, తరువాతిదీ చదివాడు, ఆగకుండా ఆ పుటంతా చదివి, "మా పాప నా కోసరం అచ్చరాలు పెద్దవి జేసింది, శానా తెలివైన పిల్ల" అని పెద్దమ్మతో మురిసిపోతూ చెప్పాడు. అప్పుడైనా నేను నిజం చెప్పలేదు.

ఇప్పుడు ఎవరికి కావలసినంత ఎడం వాళ్లే వేలితో చేసుకుంటున్నారు, మంచిదే. ఆ రోజుల్లో మేము ఎంత ఇరుకు చేసి ఇస్తే చదివేవాళ్లకు అంతే. పెదనాయన ఆ పుస్తకం చివరిదాకా చదివే పోయాడు. అయినా, చూపున్న మనిషి వారం రోజులు తాను గుడ్డివాడినయ్యానని నమ్మి కూర్చున్నాడే, ఆ వారాన్ని ఆయనకు నేను యాడ నుంచి తెచ్చివ్వను?