మోకాలిలో మిగిలిన సీసం

ఆ శనివారం మధ్యాహ్నం రెండో తుపాకీ మోత వినగానే టీ ఫ్లాస్కు మూత తిప్పుతున్న నా చెయ్యి ఆగిపోయింది. మొదటి మోతకు కుందేలు పడింది. రెండో మోతకు మా ఆయన సలీం పడ్డాడు. గడ్డిలో కూర్చుని తన ఎడమ మోకాలిని వింతగా చూసుకుంటున్నాడు.

అప్పటికి మేం నంద్యాల నుంచి మెల్‌బోర్న్ వచ్చి ఏడాది కూడా కాలేదు. సలీంది వై టూ కే పని, పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేయడం. అతని టీమ్‌లోని గ్రెగ్‌కు ఊరి బయట పొలం ఉంది. కుందేళ్లు పంట తినేస్తున్నాయని మమ్మల్నీ, సలీం స్నేహితుడు రవినీ వేటకు పిలిచాడు. గ్రెగ్ చేతిలో ఒక తుపాకీ, కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న రవి చేతిలో ఒకటి. సలీం దగ్గర కత్తి. కుందేలు ప్రాణంతో ఉండగానే హలాల్ చేయాలి, లేకపోతే మేం తినం. తుపాకులు నిలబడ్డ లైన్ దాటి ఎవరూ ముందుకు పోవద్దని గ్రెగ్ చెబితే సలీం, రవి ఇద్దరూ తలూపారు. కత్తి ఎందుకో గ్రెగ్ అడగలేదు, మేమూ చెప్పలేదు. కుందేలు కొట్టుకోవడం చూసి సలీం పరుగు తీశాడు. సరిగ్గా అప్పుడే రవి ఇంకో కుందేలు వెంట తుపాకీ తిప్పాడు.

ఎక్స్‌రేలో తొడ నుంచి మోకాలి దాకా తెల్లటి చుక్కలు, తూటాలోంచి చెదిరిన సీసపు గుళ్లు. నాకు భయం కంటే ముందు ప్రశ్నలు పుడతాయి, నా జబ్బు అది.

"అన్నీ తీసేస్తారా?" అన్నాను.

"కొన్ని తీస్తాం. కండలో లోతుగా ఉన్న పెల్లెట్ల కోసం తవ్వితే నష్టమే ఎక్కువ. శరీరమే వాటి చుట్టూ గోడ కట్టేస్తుంది," అన్నాడు డాక్టర్.

ఒంట్లో సీసం అలా కాపురం ఉండిపోతుందా అని ఆయన్ని ఇంకా విసిగించాను. సలీం అడిగింది మాత్రం ఒక్కటే. "డాక్టర్, నమాజులో మోకాళ్ల మీద కూర్చోగలనా?" ఆయన ఎక్స్‌రేను మళ్లీ వెలుగుకు ఎత్తి మోకాలి దగ్గర చూశాడు.

పై గాయాలు మానాయి. మోకాలు మాత్రం వాస్తూనే ఉంది. తర్వాత ఆకలి పోయింది, కడుపునొప్పి మొదలైంది. బ్లడ్ టెస్టులో సీసం ఎక్కువగా ఉందని తేలింది.

"ఒక పెల్లెట్ జాయింట్ లోపల ఉంది. అక్కడి ఫ్లూయిడ్ సీసాన్ని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది," అంది సర్జన్. మోకాలికి చిన్న గాటు పెట్టి, కెమెరా గొట్టంతో ఆర్థ్రోస్కోపీ చేసి తీశాక చిన్న గాజు బుడ్డిలో వేసి చూపించింది. మిరియపు గింజ కంటే చిన్నది. నాకు దాన్ని చూడగానే కోపం వచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

అన్నాళ్లూ మొహం చాటేసిన రవి ఆ వారం వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"భాయ్ మొహం ఎలా చూడాలో తెలీట్లేదక్కా," అన్నాడు.

లోపలి నుంచి సలీం అన్నాడు: "నువ్వు కాల్చింది కుందేలును రా. నేనే దానికి అడ్డం పోయినా. వచ్చి ఈ కాలు వంచు, ఫిజియో చెప్పిన పని శానా ఉంది."

రోజూ సాయంత్రం రవే ఆ మోకాలు వంచేవాడు. ఒకరోజు అది పూర్తిగా మడతపడింది. సలీం నమాజు చేసుకునే చాప, జానమాజు, పరిచి మోకాళ్ల మీద కూర్చున్నాడు. నమాజు అయ్యేదాకా రవి గోడకు ఆనుకుని నిలబడి చూశాడు.

ఇప్పుడు మేం మెల్‌బోర్న్ శివార్లలోని టార్నీట్‌లో ఉంటున్నాం. తొడలో చుక్కలు ఇంకా ఉన్నాయి, అప్పుడప్పుడు బ్లడ్ టెస్టు చేయిస్తాం. వేటకూ వెళ్తున్నాం. గుంపుగా వేటకు పోయేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. జంతువు పడ్డాక ఎవరు, ఎందుకు, ఎప్పుడు ముందుకు వెళ్తారో తూటాలు నింపకముందే నోరు తెరిచి చెప్పుకోండి. మీ ఆచారం పక్కవాళ్లకు తెలుసులే అనుకోకండి.

ఇప్పుడు కుందేలు పడగానే గ్రెగ్, రవి తూటాలు తీసేసి, తుపాకులు నేల మీద పెడతారు. ఆ తర్వాతే గ్రెగ్ "సలీం, నైఫ్" అంటాడు. సలీం నడిచి వెళ్తాడు. ఒక్కోసారి ఈలోపు కుందేలు ప్రాణం పోతుంది. అది గ్రెగ్ ఇంటికి పోతుంది. సలీం మా ఇంటికి వస్తాడు.