ఉపవాసం మాట కొట్టేసిన కరుణమ్మ మేడం

కరుణమ్మ మేడం కన్నుమూశారని అంగలకుదురు నుంచి వాళ్ళ తమ్ముడు ఫోన్ చేస్తే నేను నమ్మలేదు. మంగళవారం నా రిపోర్టులో తప్పు పట్టి చీవాట్లు పెట్టిన మనిషి, గురువారానికి గుండె ఆగి పోతారని ఎలా అనుకుంటాను? ఫోన్ పెట్టేశాక చిన్నపిల్లలా ఏడ్చాను.

మేం పనిచేసే ఆసుపత్రిలో క్యాన్సర్ రోగుల పెట్ స్కాన్ కొలతల బాధ్యత మేడంది. స్వల్ప రేడియోధార్మికత గల చక్కెరలాంటి మందును నరంలోకి ఎక్కిస్తే క్యాన్సర్ కణాలు దాన్ని ఆబగా లాక్కుంటాయి. ఎంత లాక్కున్నాయో అంకెలో తేల్చడమే ఆ విద్య. వాడుతున్న మందు కొనసాగాలా, మారాలా అన్నది చాలాసార్లు ఆ అంకెను బట్టే ఉంటుంది. "బొమ్మ చూసి మురిసిపోకు, అంకె అడుగు. అంకె చూసీ మురిసిపోకు, మనిషిని అడుగు" అనేవారు మాకు పని నేర్పిన మేడం.

ఆ అంకెను రోగి బరువుతో లెక్కకడతారు కాబట్టి, బరువు తప్పితే అంకె తప్పుతుందని ప్రతి ఒక్కరినీ స్వయంగా తూచేవారు. బాపట్లలో వ్యవసాయ పాఠాలు చెప్పి రిటైరైన ఒక పెద్దాయన "నా బరువు నాకు తెలియదా అమ్మా?" అని చిరాకుపడ్డారు. "మీకు తెలుసండి, మిషనుకే తెలియదు. చెప్పులు విప్పండి" అన్నారు మేడం. ఆయన విప్పారు. ఆవిడతో వాదించి నెగ్గినవాళ్ళను నేను చూడలేదు.

రేపల్లె రైతు వెంకటరత్నం గారి సంగతి మాత్రం నా తప్పుతో మొదలైంది. ఆయనకు లింఫు గ్రంథుల్లో క్యాన్సర్. రెండు విడతల మందు తరవాత స్కాన్ చేస్తే అంకె బాగా పడిపోయింది. ఆయన భార్య అక్కడే దేవుడికి దణ్ణం పెట్టుకుంది. మాకూ సంబరమే. మేడం మాత్రం తెర ముందు నుంచి లేవలేదు. పోయినసారి మసకగా ఉన్న తొడ కండరాలు ఈసారి వెలుగుతున్నాయి. బయటికొచ్చి ఆయన పక్కన కూర్చున్నారు.

"పొద్దున ఏం తిన్నారన్నయ్యా?"

"ఏం తినలేదమ్మా. మీ కాగితంలో రాశారుగా, ఉపవాసమే. అన్నం ముట్టలేదు."

"అన్నం కాక?"

"రెండు అరటిపళ్ళు, గ్లాసుడు పాలు. ఉపవాసానికి అవి తప్పు కాదుగా."

స్కాన్‌కు ముందు రోగులకిచ్చే ఆ కాగితం రాసింది నేనే. పళ్ళూ పాలూ కడుపులో పడేసరికి స్కాన్ కోసం ఎక్కించిన మందు క్యాన్సర్ కణాలకు బదులు కండరాలకు మళ్ళింది. తగ్గింది అంకె, రోగం కాదు. మేడం రిపోర్టు ఆపేశారు. "మంచిమాట చెప్పడానికి నీకు నోరు రాదా?" అని ఆయన భార్య నిలదీసింది. మేడం నొచ్చుకోలేదు. "ఎల్లుండి మళ్ళీ తీసుకురండమ్మా. మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వొద్దు" అన్నారు.

మళ్ళీ తీసిన స్కాన్‌లో రోగం ఎక్కడిదక్కడే ఉంది. డాక్టర్లు వెంటనే మందు మార్చారు. కొన్ని నెలలకు రోగం జాడ లేకుండా పోయింది. కాగితంలో ఉపవాసం అన్న మాటను మేడమే ఎర్ర ఇంకుతో కొట్టేసి, మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దని రాశారు. చిన్న తప్పులకే చీవాట్లు పెట్టే మనిషి ఆ రోజు నన్ను ఒక్క మాటా అనలేదు.

తెనాలి నుంచి, బాపట్ల నుంచి వచ్చిన జనంతో అంగలకుదురు చర్చి కిక్కిరిసిపోయింది. శవపెట్టె లేపేటప్పుడు వెంకటరత్నం గారు ముందుకొచ్చి, "మీరు బలహీనంగా ఉన్నారేమో" అన్న నన్ను పక్కకు తప్పించారు. "ఆ రోజు ఆవిడ నన్ను నవ్వుతూ ఇంటికి పంపించేసుంటే, ఇవాళ నేనుండేవాణ్ణి కాదమ్మా" అన్నారు.

మేడం, మీ కుర్చీలో కూర్చోగలవాళ్ళు మాలో లేరు, ఆ లోటు ఎప్పటికీ తీరదు. అయినా మీరు గెలిచే వెళ్ళారు. సమాధి దాకా భుజం మార్చుకోకుండా మిమ్మల్ని మోశారాయన.