కమలాకర్ టైరోసిన్ మజ్జిగ

జర్మనీలోని జార్‌బ్రూకెన్‌లో మా కమలాకర్ చేతి వంట తినని తెలుగువాడు లేడు. వండేది కమలాకర్, వడ్డించేది కమలాకర్, భోజనాల తర్వాత ప్రసంగించేది నేను. అతను జగిత్యాల నుంచి కంప్యూటర్ సైన్స్ చదవడానికి వచ్చాడు. నేను అంతకుముందే బయోటెక్నాలజీ చదవడానికి వచ్చి, నాకు నేర్పడానికి యూనివర్సిటీ దగ్గర ఇంకేమీ మిగల్లేదని రెండో సెమిస్టర్‌లోనే గ్రహించి, సైకిల్ మీద భోజనాలు డెలివరీ చేసే ఉద్యోగంలో చేరాను. ఒకసారి జార్ నది వంతెన మీద నేను పోతుంటే వేగం పట్టే కెమెరా ఫొటో తీసిందట. అందులో నేను పడలేదు, నా వెనకాల వచ్చిన బిర్యానీ ఆవిరి మాత్రం పడిందట. ఊరంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. మొదట చెప్పింది నేనే అనుకోండి.

కమలాకర్‌కి మాటలు తక్కువ, సీసాలు ఎక్కువ. ఏ సామాను తెచ్చినా ప్యాకెట్‌లో ఉంచడు. ఖాళీ అయిన ఆవకాయ సీసాలు, జామ్ సీసాలు కడిగి, ఆరబెట్టి, వాటిలో పోస్తాడు. ఒక్కదాని మీద పేరుండదు. ఎలా గుర్తుపడతావురా అంటే, "సూస్తే తెల్వదా అన్నా" అంటాడు. రెండేళ్ళు కలిసున్నా నాకు మాత్రం చక్కెరకీ ఉప్పుకీ తేడా టీ తాగాకే తెలిసేది.

ఇలాంటి మనిషికి ఒక్క సబ్జెక్టు కొరకరాని కొయ్య అయింది. రెండుసార్లు తప్పాడు. ఇక్కడ పరీక్షకి మూడు అవకాశాలే ఇస్తారు. మూడోదీ పోతే కోర్సు అక్కడితో సరి, వీసా మాట సరేసరి. అందుకని ఆ చలికాలం క్లాస్‌మేట్ సుమంత్ ఇచ్చిన మాత్రలు మొదలుపెట్టాడు. కుదురుగా కూర్చోలేని పిల్లలకి డాక్టర్లు రాసే మాత్రలవి. కమలాకర్ పుట్టుకతోనే కుదురు. ఆ మాత్రలు పడ్డాక కుర్చీకి అతుక్కుపోయాడు. నిద్ర లేదు, తిండి లేదు. పాఠాలు అయిపోయి ఇంకేమీ దొరక్క వాషింగ్ మెషిన్‌తో వచ్చిన పుస్తకాన్ని జర్మన్‌లో మొదటి నుంచి చివరిదాకా చదివేశాడు. ఆ తర్వాత ఆ మెషిన్ అతన్ని చూస్తే లేచి నిలబడేది.

సరిగ్గా పరీక్ష దగ్గరపడ్డాక కరోనా వచ్చి ఊరికి తాళం వేసింది. పరీక్ష వాయిదా. సుమంత్ దగ్గర మాత్రలూ అయిపోయాయి.

అప్పుడు దిగడం మొదలైంది. మాత్రలు ఎంత ఎత్తుకి తీసుకెళ్ళాయో అంతకు రెండింతలు లోతుకి దింపాయి. మంచం దిగడు. దువ్వెన అందుకోవడానికి చెయ్యి చాపి, మధ్యలో మరిచిపోయినట్టు ఆగిపోయేవాడు. ఒకరోజు ఉల్లిపాయ తొక్క కూడా తీయకుండానే దాన్ని పట్టుకుని ఏడ్చాడు.

"అన్నా, లోపట కరెంటు పోయిందే. పుస్తకం తెరుస్త, అక్షరాలు కనబడతయ్, మనసుకు ఎక్కుతలేవ్."

"బిల్లు కట్టలేదేమోరా," అన్నాను. వేళాకోళమే గానీ నాకు భయం వేసింది.

ఇంతలో మెయిల్ వచ్చింది. మూడో అవకాశం కెమెరా ముందు, మౌఖిక పరీక్ష, మే నెలాఖరున. కమలాకర్ చదివి ఫోన్ బోర్లించాడు. "సుమంత్ మళ్ళ తెప్పిస్తడట. అవి ఉంటేనే గట్టెక్కుత అన్నా. లేకుంటే లేస్తలేను, నువ్వే సూస్తున్నవ్ గదా."

అక్కడ నేను రంగంలోకి దిగాను. ఇంటర్నెట్ అంతా ఊడ్చి ఒక సిద్ధాంతం తయారు చేశాను. మెదడులో హుషారు సరుకు టైరోసిన్ అనే అమైనో ఆమ్లంలోంచి పుడుతుంది. మాత్రలు గోదాము ఖాళీ చేశాయి. టైరోసిన్ పొడి తెప్పించి గోదాము నింపితే మనిషి లేస్తాడు. ఈ ముక్క కింది అంతస్తులో ఉండే హారికకి చెప్పాను. తెనాలి అమ్మాయి, ఫార్మసీలో మాస్టర్స్ చేస్తోంది. చదువు మానలేదు కాబట్టి ఆమెకి అనుమానాలెక్కువ.

"మెదడు గోదాము కాదండీ. ఆ పొడి ఇలాంటి వాటికి పనిచేస్తుందని గట్టి రుజువులేం లేవు. ముందు డాక్టర్‌తో మాట్లాడించండి."

తనే కమలాకర్ చేత ఫ్యామిలీ డాక్టర్‌కి ఫోన్ చేయించింది. ఇంకొకరి మాత్రలు ముట్టుకోవద్దు, నిద్రపో, వేళకి తిను, నడువు, కొన్ని వారాలు పడుతుంది, మనసు మరీ కుంగితే ఆ క్షణమే ఫోన్ చెయ్యి అని ఆ డాక్టరమ్మ చెప్పింది. పొడి సంగతి అడిగితే, తీసుకున్నా పెద్దగా ఆశపెట్టుకోకు అందట. నా పరిశోధనకి దక్కిన మొదటి గుర్తింపు అది.

పొడి వచ్చింది. కమలాకర్ అలవాటు ప్రకారం ఆవకాయ సీసాలో పోశాడు. సుద్దలా ఉందని నీళ్ళలో మింగలేక, రోజూ పొద్దున ఒక చెంచా మజ్జిగలో కలుపుకుని తాగేవాడు. శని ఆదివారాలు మందుకి సెలవు అని నియమం పెట్టాను. ఎందుకని అడక్కండి, ప్రతి వైద్యానికీ ఒక నియమం ఉండాలి. సాయంత్రాలు నది ఒడ్డున నడిపించేవాణ్ణి. ఇద్దరికి మించి కలిసి తిరగకూడని రోజులు. నేను మాట్లాడేవాణ్ణి, అతను కాళ్ళీడ్చేవాడు.

కొన్నాళ్ళు ఏమీ కదల్లేదు. తర్వాత ఒక పొద్దున నేను లేచేసరికి కమలాకర్ స్నానం చేసి, పోపు వేస్తున్నాడు. మర్నాడు ట్రిమ్మర్‌తో తన జుట్టు తనే కత్తిరించుకున్నాడు. వెనక్కి తిరిగితే మొక్కజొన్న కోత అయిన చేనులా ఉన్నాడు గానీ, ఆ మధ్యాహ్నమే పుస్తకం తెరిచాడు. మూసేయలేదు.

ఇక నన్ను పట్టేవాడెవడు. జిండెల్ఫింగెన్‌లో కార్ల కంపెనీ ఇంజనీర్లకి ఫోన్ చేసి చెప్పాను, మ్యూనిక్‌లో బ్లూ కార్డు ఉద్యోగ వీసా మీదున్న దొరలకి చెప్పాను. నా దెబ్బకి దక్షిణ జర్మనీ మొత్తం మీద మజ్జిగ కరువొచ్చింది.

పరీక్ష ఎల్లుండి అనగా హారిక పళ్ళెం నిండా జంతికలు పట్టుకొచ్చింది. వంటింట్లో నేనొక్కణ్ణే ఉన్నాను.

"ఈసారి గుల్లగా వచ్చాయండీ. మొన్నామధ్య మీ పిండితో చేస్తే ముద్దే కట్టలేదు. ఇసకలా జారిపోయింది. నూనెలో వేస్తే నల్లగా మాడి, ఒకటే కంపు."

"మా పిండి ఏంటి?"

"ఆ ఆవకాయ సీసాలో బియ్యప్పిండి. షాపుల్లో పిండి దొరకని వారం కదా. శుక్రవారం సాయంత్రం వచ్చా, మీరు లేరు, ఆయన నిద్రపోతున్నారు. లేపడం ఎందుకని సీసా మొత్తం పట్టుకెళ్ళా. శనివారం ఏషియన్ షాపులో దొరికింది, నింపి అక్కడే పెట్టేశా."

"నింపావా?"

"ఖాళీ సీసా ఎవరైనా తిరిగిస్తారా అండీ? మా అమ్మ వింటే చీపురు తిరగేస్తుంది."

నేను వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాను. కమలాకర్ పోపు పెట్టిన పొద్దు, జుట్టు కత్తిరించుకున్న పొద్దు, పుస్తకం తెరిచిన మధ్యాహ్నం, అన్నీ ఆ శనివారానికి ఇవతలివే. సీసాలో అసలు ఉన్నదేంటో చెప్పాను. హారిక చేతిలో జంతిక చేతిలోనే ఉండిపోయింది.

"చెప్పేయాలండీ ఆయనకి."

"పరీక్ష అయిపోనీ తల్లీ. ఆ నమ్మకం పోతే ఇప్పుడే సుమంత్ దగ్గరికి పరిగెడతాడు."

"ఒక మనిషి తాగేదేంటో ఆ మనిషికి తెలియాలి. మీరు సాయం చేస్తే చెయ్యండి, లేకపోతే జంతిక నోట్లో పెట్టుకుని ఊరుకోండి."

అప్పుడే కమలాకర్ గ్లాసుతో లోపలికి వచ్చాడు. సగం మజ్జిగ మిగిలి ఉంది. హారిక ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తన తప్పు, సీసా, పిండి, అన్నీ. నేను జంతిక నోట్లో పెట్టుకున్నాను.

కమలాకర్ గ్లాసు లోపలికి చూశాడు. "ఈ నడుమ మజ్జిగ చిక్కగైంది అనుకున్న," అన్నాడు. అతని ఫోన్ బల్ల మీద మోగి ఆగింది.

"అయితే ఇన్ని దినాల సంది పొద్దుగాల లేస్తున్నది నేనేనా?"

హారిక తలూపింది. నేను కూడా ఊపాను. నోట్లో జంతిక ఉండగా నేనంతకన్నా గొప్ప జవాబు చెప్పలేను.

ఫోన్ తీసి చూసి, మాకూ చూపించాడు. సుమంత్ మెసేజ్. సరుకొచ్చింది, ఎప్పుడు తీసుకుంటావని. కమలాకర్ నిలబడే టైప్ చేశాడు. వద్దు తమ్మీ.

"పరీక్ష పోతే?" అన్నాను. అడగకూడదు గానీ నోరు ఖాళీ అయింది.

"పోతే పోతది అన్నా. ఎక్కుడు రెండు దినాలే. దిగుడు ఎట్లుంటదో నాకెరుక." మిగిలిన మజ్జిగ తాగేసి చదువుకోవడానికి వెళ్ళాడు.

పరీక్ష రోజు ప్రొఫెసర్ చెప్పినట్టు ల్యాప్‌టాప్ ఎత్తి గది నాలుగు మూలలూ చూపించి, తలుపు మూసుకున్నాడు. నేనూ హారికా తలుపు ఇవతల కూర్చున్నాం. మొదటి ప్రశ్నకి తడుముకోకుండా చెప్పాడు. రెండోదానికి లోపల చప్పుడు లేదు. ఎంతసేపు లేదంటే, ఆ మౌనంలో నాకు గడ్డం ఒక అంగుళం పెరిగింది. చివరికి, ఇది నాకు తెలియదు, తెలిసినంతవరకు చెప్తాను అని ఇంగ్లీషులో నెమ్మదిగా మొదలుపెట్టాడు. ఎక్కడో ఆగాడు, వెనక్కి వెళ్ళాడు, మళ్ళీ నడిచాడు.

ప్రొఫెసర్లు మాట్లాడుకోవడానికి అతన్ని కాసేపు బయటికి పంపారు. వంటింట్లోకి వచ్చి కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగాడు. పిలుపు రాగానే వెళ్ళాడు. ఈసారి తలుపు వెయ్యడం మర్చిపోయాడు.

ఇక్కడి మార్కుల్లో ఒకటి అంటే గొప్ప, నాలుగు అంటే గట్టున చెయ్యి పడ్డట్టు, అయిదు అంటే మునిగినట్టు. ప్రొఫెసర్ గొంతు స్పష్టంగా వినిపించింది. నాలుగు, పాసయ్యారు.

కమలాకర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"సారీ ప్రొఫెసర్. వాయిస్ కట్ అయింది. ఇంకొక్కసారి చెప్తారా?"

ప్రొఫెసర్ మళ్ళీ చెప్పాడు, ఈసారి కాస్త గట్టిగా, ఒక్కో మాటా విడదీసి. కమలాకర్ కళ్ళు మూసుకుని విన్నాడు. నా మాట నమ్మండి, మా ఇంట్లో ఇంటర్నెట్ ఆ రోజు పనిచేసినంత బాగా ఎన్నడూ పనిచేయలేదు.